విబిఎస్‌కి ముందు ఆడపిల్లలకి లీడర్‌షిప్ ట్రైనింగ్ – నాలుగు రోజుల్లో ఏం నేర్పాలి?

పాలకొల్లు టీచర్ | మార్చి 2

అందరికీ వందనాలు. మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా చర్చి సంఘంలో 90 కుటుంబాల దాకా ఉంటాం. ప్రతి ఏడూ మే మొదటి వారంలో విబిఎస్, అంటే పిల్లలకి వేసవి సెలవుల బైబిల్ స్కూల్, పెడతాం. నూటయాభై మంది పిల్లలు వస్తారు.

క్లాసులు చెప్పేది ఎవరంటే తొమ్మిది, పది, ఇంటర్ చదివే ఆడపిల్లలే. మగపిల్లలు మైకు, కుర్చీలు, ర్యాలీ జెండాలు చూసుకుంటారు. ఈ ఆడపిల్లలకి ముందు రోజు సాయంత్రం పుస్తకం చేతిలో పెట్టి "రేపటి నుంచి నువ్వు ప్రైమరీ చూడమ్మా" అంటాం. అంతే మా ట్రైనింగ్.

పోయినేడు పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన ఒక పిల్ల 35 మంది ముందు నిలబడి దానియేలు కథ మొదలుపెట్టింది. సింహాల బోను దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయింది. పుస్తకం తిప్పుతోంది, పేజీ దొరకడం లేదు. వెనక బెంచీలో ఒకడు సింహంలా అరిచాడు. అందరూ నవ్వారు. పుస్తకం అక్కడే పెట్టేసి ఏడుస్తూ ఇంటికెళ్ళిపోయింది. ఆ తర్వాత సండే స్కూల్‌కి కూడా రాలేదు. అది ఆ పిల్ల తప్పు కాదు, మాది. ఏడాదైనా ఆ మొహం నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఈసారి ఏప్రిల్ ఆఖరి వారంలో 14 మంది ఆడపిల్లలని కూర్చోబెట్టి నాలుగు రోజులు నేర్పాలని ఉంది. పాస్టర్ గారు సరే అన్నారు. కమిటీలో ఇద్దరు పెద్దలు మాత్రం "ఒక రోజు టీచర్స్ ట్రైనింగ్‌కి పంపుతున్నాం కదా, మళ్ళీ ఇదెందుకు" అంటున్నారు. ఆ ఒక్క రోజులో యాక్షన్ సాంగ్స్, క్రాఫ్ట్ నేర్పి పంపేస్తారు. భయపడే పిల్లని నిలబెట్టడం అక్కడ ఎవరూ నేర్పరు. మీలో చేసినవాళ్ళు చెప్పండి, దేనితో మొదలుపెట్టాలి?

ఖమ్మం అన్న | మార్చి 2

వందనాలు అక్కా. నేను 17 ఏళ్ళుగా విబిఎస్ డైరెక్టర్‌గా ఉన్నాను. మీరు రాసినలాంటిదే మా దగ్గర కూడా రెండుసార్లు జరిగింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

అమ్మాయిలని ఒకళ్ళ ముందు ఒకళ్ళని నిలబెట్టి ప్రాక్టీస్ చేయించకండి. స్నేహితురాళ్ళ ముందు సిగ్గే ఎక్కువ. పక్క వీధి నుంచి ఆరేడుగురు చిన్న పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పి, రోజూ ఒక గంట పిలిపించండి. వాళ్ళకి చెప్పించండి. పిల్లలు కదులుతారు, మంచినీళ్ళంటారు, పక్కవాణ్ణి గిల్లుతారు. ట్రైనింగ్ అంటే అదే.

కథ మొత్తం ఒకేసారి వద్దు. మొదటి రోజు కథలో ఒక్క ముక్క, మూడే మూడు నిమిషాలు. దానియేలు కథే తీసుకోండి, కిటికీ తెరిచి ప్రార్థన చేసే చోటు వరకే చెప్పమనండి. పుస్తకం చేతిలో ఉండకూడదు. ఫ్లాష్ కార్డుల వెనక పెన్సిలుతో నాలుగేసి మాటలు రాసుకోమనండి. కార్డు మొహానికి అడ్డంగా పట్టుకుంటారు చూడండి, భయంతో చేసే పని అది. పక్కకి, ఛాతీ ఎత్తులో పట్టించండి. పిల్లలకి టీచర్ కళ్ళు కనబడితే సగం అల్లరి తగ్గుతుంది.

మర్చిపోతే ఏం చేయాలో కూడా ముందే నేర్పాలి. మేం చెప్పేది ఒకటే: "ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నారు?" అని పిల్లల్నే అడగమంటాం. పిల్లలు చెప్పేలోగా కార్డు వెనక చూసుకోవచ్చు. ఈ ఒక్కటి తెలిసుంటే మీ పిల్ల ఆ రోజు ఏడ్చేది కాదు అక్కా.

ప్రాక్టీస్ అయ్యాక తప్పులు నలుగురిలో చెప్పకండి. పక్కకి తీసుకెళ్ళి, బాగా చేసినవి రెండు, మార్చుకోవాల్సింది ఒకటి చెప్పండి. ఒకటే. రెండోది మర్నాటికి.

హనుమకొండ మమ్మీ | మార్చి 3

అక్కా, మంచి ఆలోచన. కానీ ఇంటర్ ఫస్టియర్, సెకండియర్ పిల్లలకి ఆ టైంలో ఎంట్రన్స్ టెన్షన్ ఉంటుంది. మా పాప పోయినేడు ఇటు కోచింగ్, అటు చర్చి మధ్య నలిగిపోయింది. రానివాళ్ళని భక్తి లేనట్టు మాట్లాడకండి. రెండు గంటలు వచ్చి వెళ్ళేవాళ్ళకి కూడా ఏదో ఒక పని ఉంచండి.

రాజమండ్రి మనవరాలు | మార్చి 3

మా అమ్మమ్మ బైబిల్ స్త్రీ. లూథరన్ సంఘాల వాళ్ళకి ఈ మాట తెలుసు, ఈ కాలం పిల్లలకి కొత్తగా ఉండొచ్చు. బైబిల్ స్కూల్లో చదువుకుని, సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఇళ్ళలో ఆడవాళ్ళకి వాక్యం చెప్పేవారు. చాలా ఊళ్ళలో ఆడవాళ్ళకి మొదట అక్షరాలు నేర్పింది కూడా బైబిల్ స్త్రీలే.

అమ్మమ్మ చెప్పేది. మొదటి ఏడాది ఆవిడని ఒంటరిగా పంపలేదట. ఒక పెద్దావిడ వెంట నడిచిందట. మొదటి నెల పెద్దావిడ మాట్లాడితే అమ్మమ్మ సంచి మోసింది. రెండో నెల అమ్మమ్మ పాట పాడింది, పెద్దావిడ చెప్పింది. ఆ తర్వాత అమ్మమ్మ చెబుతుంటే పెద్దావిడ గుమ్మం దగ్గర కూర్చునేదట, లోపలికి వచ్చేది కాదట. "ఆవిడ గుమ్మంలో ఉందన్న ధైర్యంతోనే నా నోరు పెగిలేది" అనేది అమ్మమ్మ.

టీచర్ గారూ, మీ 14 మందికి గుమ్మంలో కూర్చునే పెద్దావిడలు ఎంతమంది ఉన్నారు? ట్రైనింగ్ కంటే ముందు ఆ లెక్క చూసుకోమని నా మనవి. మీ చర్చిలోని స్త్రీల సమాజంలో అడగండి. ఒక్కో పెద్దావిడకి ఇద్దరు పిల్లలు, అంతకంటే వద్దు.

డల్లాస్ నాన్న | మార్చి 4

మా అమ్మాయికి 16. ఇక్కడి క్రిస్టియన్ సమ్మర్ క్యాంపుల్లో ఈ వయసు పిల్లలకి విడిగా ప్రోగ్రాం ఉంటుంది. కౌన్సెలర్ ఇన్ ట్రైనింగ్ అంటారు, పొట్టిగా సీఐటీ. కొన్నిచోట్ల లీడర్ ఇన్ ట్రైనింగ్ అని 14, 15 ఏళ్ళకే మొదలుపెడతారు. జీతం ఉండదు, చాలా చోట్ల మనమే ఫీజు కట్టాలి.

పోయిన వేసవిలో మా అమ్మాయి వెళ్ళింది. మొదటి ఉత్తరంలో పొద్దున్నే లేచి డైనింగ్ హాల్లో బల్లలు తుడుస్తున్నానని రాసింది. మా ఆవిడ బాధపడింది, "డబ్బు కట్టి పిల్లతో గిన్నెలు తోమిస్తున్నామా" అంది. తర్వాత తెలిసింది. పొద్దున పని, మధ్యాహ్నం ఒక గంట బైబిల్ స్టడీ, సాయంత్రం ఒక క్యాబిన్‌కి వెళ్ళి అక్కడి పెద్ద కౌన్సెలర్‌తోపాటు చిన్న పిల్లల్ని చూసుకోవడం. రాత్రి పడుకునే ముందు ఆ కౌన్సెలర్ కూర్చుని "ఇవాళ నువ్వేం గమనించావు?" అని అడిగేదట. ఏం చేశావని కాదు, ఏం గమనించావని. ఇంటికి ఫోన్ చేయాలని ఉన్న పిల్ల ఎలా మాట్లాడుతుందో, అన్నం తినని పిల్ల ఎక్కడ కూర్చుంటుందో మా అమ్మాయి నేర్చుకుంది. ఇంటికొచ్చాక మా నానమ్మ వీడియో కాల్‌లో మాట తగ్గించిందని మాకంటే ముందు కనిపెట్టింది అదే.

అమెరికాలో ఉన్నది పల్లెలో పెట్టమనడం లేదు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం తీసుకోండి.

బెజవాడ లాయరమ్మ | మార్చి 5

వందనాలు. ఈ చర్చలో ఎవరూ ఎత్తనిది నేను ఎత్తుతాను.

14 మంది మైనర్ ఆడపిల్లలు, నాలుగు రోజులు. రాత్రి బస ఉంటుందా? ఉంటే ఎవరు ఉంటారు? మంచి మనసుతో చేసేవాళ్ళే ఈ ప్రశ్నలు మర్చిపోతుంటారు, "మనవాళ్ళే కదా" అనుకుని.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. 18 ఏళ్ళ లోపు ఆడా మగా అందరూ దాని కింద పిల్లలే. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందని అనిపించినా, పోలీసులకి చెప్పాలి. 19వ సెక్షన్ అదే చెబుతుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది, సంస్థని నడిపేవాళ్ళకైతే ఏడాది దాకా జైలు. సంఘం పరువు పోతుందని పెద్దలు కూర్చుని మాట్లాడుకుని సర్దేయడానికి చట్టంలో చోటు లేదు.

అందుకని: ఏ పెద్దవాళ్ళూ, ఎంత పేరున్నవాళ్ళైనా, ఒక్క పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ప్రార్థన చేయించడానికైనా సరే, కౌన్సెలింగ్‌కైనా సరే, తలుపు తెరిచి ఉండాలి, ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. పిల్లలకి అర్ధరాత్రి వాట్సాప్ మెసేజీలు పెట్టడం ఉండకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ముఖ్యంగా మొదటి రోజే పిల్లలకి చెప్పండి: "నీకు ఇబ్బందిగా అనిపిస్తే కాదనొచ్చు. ఎవరి గురించైనా మాకు చెప్పొచ్చు. నిన్ను నమ్ముతాం."

కాదనడం రాని పిల్ల ఇంకో పిల్లని ఎలా కాపాడుతుంది?

పాలకొల్లు టీచర్ | మార్చి 5

లాయరమ్మ గారూ, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. రాత్రి బస తీసేశాను. పొద్దున ఏడున్నర నుంచి ఒంటిగంట వరకే. ఇళ్ళకి దింపేది తల్లులే.

చీరాల పెద్దాయన | మార్చి 6

నాకు 71. విమర్శ కాదు, నా మనసులోని మాట చెబుతున్నాను. ఆడపిల్లలకి పరిచర్య నేర్పడం మంచిదే. కానీ "లీడర్‌షిప్" అనే మాట నాకు గుచ్చుకుంటోంది. వినయం, విధేయత నేర్పాల్సిన వయసులో నాయకత్వం అంటే రేపు ఇంట్లో, సంఘంలో ఎదురు మాట్లాడటం నేర్పినట్టు కాదా? ఆలోచించండి.

నంద్యాల పాస్టరమ్మ | మార్చి 6

అయ్యగారూ, వందనాలు. మీ వయసుకి గౌరవంతోనే జవాబిస్తున్నాను.

బైబిల్లో సైన్యాధిపతి నయమాను ఇంట్లో పనిపిల్ల గుర్తుందా? ఆ పిల్ల చెరలోకి వచ్చింది, పేరు కూడా రాయలేదు. ఆ సైన్యాధిపతికి కుష్ఠు ఉన్న సంగతి తెలిసి, యజమానురాలితో ఒక్క మాట చెప్పింది, షోమ్రోనులో ప్రవక్త ఉన్నాడని. ఆ మాట మీదే అంత పెద్ద మనిషి బయల్దేరాడు. ఆ పిల్ల ఎదురు మాట్లాడిందా? లేదు. నోరు మూసుకుని ఉందా? అదీ లేదు.

ఇంకొకటి రొదే. యేసు శిష్యుడు పేతురు చెరసాల నుంచి వచ్చి తలుపు తడితే, గొంతు గుర్తుపట్టి సంతోషంతో తలుపు తీయడం కూడా మర్చిపోయి లోపలికి పరుగెత్తిన చిన్నది. లోపల పెద్దలంతా పేతురు కోసమే ప్రార్థన చేస్తున్నారు. ఆ పిల్ల వచ్చి చెబితే పిచ్చిపిల్లవన్నారు. ఆ ఇంట్లో సరిగ్గా విన్నది ఒక్కతే, నమ్మనిది మిగతా అందరూ. నేను ఏ పాఠం చెప్పినా చెప్పకపోయినా ఈ పాఠం మాత్రం ఆడపిల్లల క్యాంపులో తప్పక చెబుతాను. పెద్దలని కూడా కూర్చోబెట్టి చెబుతాను.

మా నంద్యాల డయాసిస్‌లో 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. మా డయాసిస్ ఉన్న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947లో ఏర్పడింది, అప్పటి నుంచి ఒక స్త్రీ బిషప్ కావడం అదే మొదటిసారి. ఆ వార్త విన్నరోజు మా సండే స్కూల్లో ఒక ఏడో తరగతి పిల్ల "అమ్మగారూ, మనం కూడా అవ్వొచ్చా?" అని అడిగింది. అవ్వొచ్చమ్మా అని చెప్పడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

చీరాల పెద్దాయన | మార్చి 7

రొదే సంగతి నేను ఎన్నోసార్లు చదివాను తల్లీ, ఈ విధంగా ఆలోచించలేదు. ఇంకా కొన్ని విషయాల్లో మీతో ఏకీభవించలేను. ఆ పిల్లల్ని ఆశీర్వదించే విషయంలో మాత్రం నాకు భేదం లేదు.

గుంటూరు నర్సక్క | మార్చి 9

ఏప్రిల్ ఆఖరు, మే మొదలు. పల్నాడు వైపు 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. కోస్తాలో ఆ అంకె రాకపోయినా ఉక్కకి పిల్లలు సొమ్మసిల్లుతారు. రేకుల షెడ్డులో క్లాసు పెట్టకండి, చెట్టు కింద పెట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలవాలి. ఇది మీ 14 మంది చేత చేయించి తాగించండి, చదివి వదిలేస్తే గుర్తుండదు.

ఇంకొకటి. వీళ్ళంతా నెలసరి వచ్చే వయసు పిల్లలు. చాలా చర్చిల్లో టాయిలెట్ వెనక ఎక్కడో ఉంటుంది, లోపల గడియ ఉండదు, చెత్తబుట్ట ఉండదు. అందుకే చాలామంది పిల్లలు పొద్దున్నించీ నీళ్ళు తాగకుండా నిలబడతారు, తర్వాత కళ్ళు తిరిగాయంటారు. గడియ బిగించండి, మూత ఉన్న బుట్ట పెట్టండి, ప్యాడ్లు ఎక్కడున్నాయో ముందే చెప్పండి. వంద రూపాయల గడియతో పోయే బాధ ఇది.

ఇంటర్ సెకండియర్ | మార్చి 10

నాకు 17. తొమ్మిదో తరగతి నుంచి విబిఎస్‌లో టీచర్‌ని. పెద్దలంతా మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను, తప్పుంటే క్షమించండి.

మాకు పని ఇస్తారు, నిర్ణయం ఇవ్వరు. మూడేళ్ళ క్రితం నా క్లాసులో ఒక చెవిటి బాబు వచ్చాడు. వాణ్ణి ముందు కూర్చోబెట్టి కథ మొత్తం బొమ్మలు గీసి చెబుదామని అనుకున్నాను. డైరెక్టర్ అన్నని అడిగితే "టైం లేదు, పుస్తకంలో ఉన్నట్టు చెప్పెయ్" అన్నారు. ఐదు రోజులూ వాడు అందరూ చప్పట్లు కొట్టినప్పుడు కొట్టి, అందరూ లేచినప్పుడు లేచి వెళ్ళిపోయాడు. నాకు ఇప్పటికీ బాధే.

టీచర్ గారూ, మీ దగ్గర ఏదైనా ఒక్క విషయం పూర్తిగా పిల్లలకే వదలండి. మేం తప్పు చేస్తే చేస్తాం. మళ్ళీ మీరే వచ్చి సరిచేయకండి, మమ్మల్నే సరిచేయనివ్వండి.

ఖమ్మం అన్న | మార్చి 10

చెల్లీ, ఆ డైరెక్టర్ అన్న నేనే అయ్యుండొచ్చు. నేను అలాంటి మాటలు చాలాసార్లు అన్నాను. ఈ ఏడు అనను.

పాలకొల్లు టీచర్ | మే 16

ఇన్నాళ్ళకి రాస్తున్నాను, మన్నించాలి. 14 మందిలో 11 మంది వచ్చారు. ఇద్దరికి కోచింగ్, ఒకరిని ఇంట్లో పంపలేదు.

స్త్రీల సమాజం నుంచి ఆరుగురు పెద్దావిడలు వచ్చారు. ఐదుగురికి ఇద్దరేసి, ఒకావిడకి ఒక్క పిల్ల. అందులో ఇద్దరికి చదువు రాదు. మొదట్లో "మేమేం చెప్పగలం" అన్నారు. రాజమండ్రి చెల్లి అమ్మమ్మ గుమ్మం కథ చెప్పాను, నాలుగు రోజులూ ఒక్క పూట మానలేదు.

రోజూ ఆఖర్న "ఇవాళ ఏం గమనించారు" అని అడిగాను. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. మూడో రోజుకి ఆపడం కష్టమైంది.

పూర్తిగా వాళ్ళకే వదిలిన విషయం ర్యాలీ. ఏ వీధుల్లో, ఏ టైంకి, ఏ పాటలు, అన్నీ వాళ్ళే చూసుకున్నారు. మేం ఎప్పుడూ పదకొండింటికి మెయిన్ రోడ్డు మీద పెట్టేవాళ్ళం. వీళ్ళు ఉదయం ఏడింటికి, చెరువు గట్టు మీద నీడ ఉన్న వైపు పెట్టారు. మైకు వద్దన్నారు, గట్టు పక్క ఇంట్లో నెలల పసిబిడ్డ ఉందట. నాకు తెలియదు ఆ సంగతి. కమిటీ పెద్దలు మొహాలు చిట్లించారు గానీ ఎండదెబ్బ తగిలి ఒక్క పిల్ల కూడా పడిపోలేదు ఈసారి.

ఇక పోయినేడు ఏడ్చి వెళ్ళిపోయిన ఆ పిల్ల. మార్చిలోనే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ముందు "తప్పు మాదమ్మా" అని చెప్పాను. ఏమీ అనలేదు. ట్రైనింగ్‌కి రాలేదు. విబిఎస్ రెండో రోజు పొద్దున గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే "క్లాసు చెప్పను, పేర్లు రాస్తాను" అంది. రిజిస్టర్ ఇచ్చాను. నాలుగో రోజు వచ్చి "ఆ బిగినర్స్ పాప నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు" అని చెప్పి తనే ఇంకో అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. పాపకి జ్వరం, తల్లి కూలికి పోయింది, ముసలమ్మ ఒక్కతే ఉంది. మా ఏఎన్ఎంకి ఫోన్ చేయించింది. నాకు చెప్పింది అన్నీ అయ్యాకే.

ఇంటర్ సెకండియర్ | మే 16

ఆ అక్కకి నా వందనాలు చెప్పండి టీచర్ గారూ.

గుంటూరు నర్సక్క | మే 17

పాపకి ఎలా ఉందిప్పుడు? జ్వరం ఎన్నాళ్ళుంది?

పాలకొల్లు టీచర్ | మే 17

మూడు రోజులకి తగ్గింది నర్సక్కా. ముగింపు రోజు ముసలమ్మ చంకనెత్తుకుని తీసుకొచ్చింది. గడియ కూడా బిగించాం.